బొటనవేలి లోతు

మధ్యాహ్నపు ఎండ రేకుల సందుల్లోంచి షెడ్డులోకి దిగి, పైకెత్తిన బానెట్టు మీద చారలు చారలుగా పడుతోంది. ఆ జీపు పశువుల డాక్టరమ్మది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. మర్నాడు తెల్లవారుతూనే ఆమె ఇసుక మైదానం దాటి, అవతల జబ్బుపడిన మందల దగ్గరికి వెళ్ళాలి. ఇసుకలో చక్రాలు కూరుకుపోకూడదంటే టైర్లలో గాలి సగానికి తీసెయ్యాలి. రాళ్ళ దారి ఎక్కగానే మళ్ళీ నింపాలి. క్రిందటిసారి వెంట తీసుకువెళ్ళిన చిన్న పంపు నడుమ దారిలో కాలిపోయి, ఆమె రెండు రోజులు ఆ ఇసుకలో ఒంటరిగా చిక్కుకుపోయింది. అందుకే ఈసారి ఇంజనుతోనే తిరిగే కంప్రెసరు బిగించమని బండిని మేస్త్రికి అప్పగించింది.

మేస్త్రికి అరవై రెండేళ్ళు. పాత కారు ఏసీలోంచి తీసిన కంప్రెసరును కడిగి, గాలి పట్టే పనికి మలచి, నూనె పోసి, పక్క షెడ్డు వెల్డరు అతికించి ఇచ్చిన ఇనుప బ్రాకెట్టు మీద కూర్చోబెట్టాడు. వెనుక సీటు కింద గాలి ట్యాంకు, స్టీరింగు పక్కన స్విచ్చు అమర్చాడు. బెల్టు తిరిగే రెండు పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదోనని వాటి ముఖాల మీదుగా కుట్టుదారం లాగి చూశాడు. దారం ఎక్కడా వంగలేదు. ఇక మిగిలింది బెల్టు ఒక్కటే.

ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డులో బెల్టు బిగించడం ఇద్దరి పని. మేస్త్రి బండి కింద పడుకుని బోల్టు తిప్పేవాడు. ఆయన భార్య బానెట్టులోకి వంగి, పుల్లీల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కి చూస్తూ ఉండేది. “ఇంకొంచెం... ఇంకొంచెం... చాలండీ.” ఆ మాట చెవిన పడగానే ఆయన చెయ్యి ఆగేది. ఎంతైతే చాలునో ఆయన ఏనాడూ అడగలేదు. అడిగే అవసరాన్ని భగవంతుడు క్రిందటి వేసవి దాకా కల్పించలేదు. ఆమె పోయాక బెల్టు పని ఎవరు తెచ్చినా ఏదో వంక పెట్టి పంపించేశాడు. డాక్టరమ్మను మాత్రం కాదనలేకపోయాడు.

కిందికి దూరి స్పానరు పట్టాడు. అలవాటు చొప్పున చెవి పైకి పెట్టి తిప్పాడు. మరికొంత తిప్పాడు. పైనుంచి మాట రాలేదు, చెయ్యి ఆగలేదు. చివరికి బోల్టే ఇక తిరగనని మొరాయించింది. అప్పుడు గాని తాను ఎవరి మాట కోసం కాచుకుని ఉన్నాడో ఆయనకు తెలియలేదు.

“ఏం బావా, కునుకు తీస్తున్నావా?” అంటూ వెల్డరు తొంగి చూశాడు.

“నీ అతుకు ఎప్పుడు ఊడి మీద పడుతుందా అని చూస్తున్నాను.”

“నా అతుకుకేం, నిన్నూ నన్నూ మోసి సాగనంపుతుంది. లే, డాక్టరమ్మ వచ్చింది.”

మేస్త్రి దుమ్ము దులుపుకుని లేచాడు. డాక్టరమ్మ ఇంజను తిప్పి స్విచ్చు నొక్కింది. కంప్రెసరు టక్కుమని అందుకుంది. ట్యాంకులో గాలి కొలిచే ముల్లు మెల్లగా పైకి లేచింది.

“ఎక్కుతోంది బాబాయ్!” అంది.

వెల్డరు తానే కనిపెట్టినట్టు మీసం దువ్వుకున్నాడు. కాని మేస్త్రి ముఖం మారింది. పద్యంలో యతి తప్పినచోట చెవి ఉలిక్కిపడినట్లు, ఆ చప్పుడు అడుగున సన్నని మూలుగొకటి ఆయనకు వినిపించింది. వినిపించింది ఆయనకొక్కడికే. నోరు మెదపకపోతే ఆమె సంతోషంగా వెళ్ళిపోతుంది. కంప్రెసరు లోపలి బేరింగు ఒక పూట నిలుస్తుంది. ఆ తరువాత ఆమె, గాలి తీసిన నాలుగు టైర్లు, కనుచూపు మేర ఇసుక.

“ఆపెయ్యమ్మా. బెల్టు మరీ బిగించేశాను. దారిలో బేరింగు పోతుంది.”

“కాస్త వదులు చేస్తే సరిపోతుందిగా?”

“ఎంత వదులు చెయ్యాలో నాకు తెలీదమ్మా.”

వెల్డరు నోటిదాకా వచ్చిన హాస్యాన్ని మింగేశాడు. “అక్క చెప్పేది కదూ,” అన్నాడు నెమ్మదిగా.

మేస్త్రి షెడ్డు వెనక్కి నడిచాడు. అక్కడ ఆయన సొంత జీపు, ఆమె మంచం పట్టిన నాటినుంచి కదలకుండా ఉంది. దాని బెల్టుకే ఆమె ఆఖరుసారి చాలని చెప్పింది. బానెట్టు ఎత్తి, సాలెగూడు తొలగించి, పుల్లీల నడుమ దూరం జానతో కొలిచాడు. డాక్టరమ్మ బండిలోనూ ఇంచుమించు అంతే. బొటనవేలు ఆనించి నొక్కాడు. గోరు సగం దాకా దిగి బెల్టు ఆగింది.

ముప్పై ఏళ్ళు ఆమె వేలికి తెలిసినది ఇదన్నమాట. మళ్ళీ నొక్కాడు. కంఠస్థం చేసేవాడిలా పదిసార్లు నొక్కాడు. వేలు తియ్యబుద్ధి కాలేదు.

తిరిగి వచ్చి బోల్టు వదులు చేశాడు. కింద పడుకుని ఒక చుట్టు, లేచి ఒక నొక్కు. నడుము పట్టేస్తోంది.

“నేను నొక్కి చెబుతాను, మీరు తిప్పండి,” అంది డాక్టరమ్మ.

“ముందు నా వేలికి తెలియనీ తల్లీ.”

ఏడోసారి లేచి నొక్కినప్పుడు గోరు సగం దిగింది. చాలని ఎవరూ అనలేదు. ఆయన స్పానరు కింద పెట్టాడు.

ఈసారి ఇంజను చప్పుడులో మూలుగు లేదు. మేస్త్రి ఇంజను ఆపించి, డాక్టరమ్మ చేత బెల్టును నొక్కించాడు. “కొత్త బెల్టు కాస్త సాగుతుంది. రాళ్ళ దారి ఎక్కాక ఇంజను ఆపి చూసుకో.”

“ఇంతేనా బాబాయ్?”

“ఇంతే.”

బండి వెళ్ళిపోయింది. వెల్డరు టీకి రమ్మన్నాడు. పద, వస్తానని చెప్పి మేస్త్రి వెనక్కి వెళ్ళాడు. పాత బెల్టు మీద దుమ్ములో తన వేలి ముద్రలు వరసగా కనిపించాయి. వాటి కింద ఎక్కడో ఆమెవీ ఉండి ఉంటాయి. ఆయన ఇక నొక్కలేదు. బానెట్టును రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కానివ్వకుండా దించాడు.