ఉన్నది ఉన్నట్టు

తడిసిన అట్ట వాసన.

గది నిండా అదే. జిగురూ, అట్టా, మునిగిన ఇల్లూ కలిసిన వాసన...

కుండపోత గారు సీసా పట్టుకుని ఒక్కో బల్లా దాటి వస్తున్నారు. ఆ పేరు విద్యార్థులు పెట్టింది. నాలుగేళ్ళ పర్యావరణ డిజైను చదువు చివర, ప్రతి నమూనా మీదా ఆయన సీసాడు నీళ్ళు పోస్తారు. ఇల్లు నిలిస్తే పాసు. మునిగితే మరో ఏడాది.

దాన్ని జ్యూరీ అంటారు. జోరీగ అన్నా తప్పులేదు — చెవి దగ్గరే తిరుగుతుంది, కుట్టిగాని పోదు.

చివరి బల్ల దగ్గర అంగుళం నిలబడి ఉంది.

చేతిలో స్కేలు లేకుండా ఎవరూ చూడలేదు గనక ఆ పిల్ల అంగుళం అయింది. ఇవాళ స్కేలు లేదు. పిడికిలి ఉంది.

ఆమె ముందు రెండు నమూనాలు. రెండూ ఒకే వీధి.

తన వీధి.

అక్కడ పుట్టినవాళ్ళకు నీళ్ళ నడక తెలుసు. ముందు గుమ్మం దగ్గర ఆగి అడుగుతాయి. తర్వాత అడగవు.

అమ్మ మంచం కోళ్ళ కింద ఇటుక పెట్టింది. మరుసటి ఏడు రెండు. ఇప్పుడు మూడు.

"నీ చదువు అయ్యేలోపు అటకెక్కి పడుకుంటానే," అంది అమ్మ. నవ్వలేదు.

వాన వెలిశాక కూతురు గోడ మీద మరకలు కొలిచేది. మార్కుల కోసం కాదు... అప్పటికి.

మూడేళ్ళ కిందట వీధి పక్క రోడ్డును మూడడుగులు ఎత్తారు. రోడ్డెత్తినవాళ్ళు ఇళ్ళ మాట ఎత్తలేదు.

ఆ రోడ్డు డిజైను కుండపోత గారిదే.

సంగతి తెలిసిన రోజు నుంచీ అంగుళం ముందు బెంచీలోనే కూర్చుంది. ఆయన ముఖాన్ని కూడా కొలిచింది.

ఆయన రానే వచ్చారు. సీసా వంచారు — ఎడమ నమూనా మీద.

నీళ్ళు రోడ్డు మీద ఆగలేదు. వీధిలోకి జారాయి. వీధిలోంచి గుమ్మంలోకి. అగ్గిపెట్టెంత ఇల్లు ఉబ్బింది, ఒరిగింది.

ఆయన గొంతు సవరించుకున్నారు.

పల్లమంటే తెలుసా అన్నారు. ఈ రోడ్డు గీసినవాడికి మనుషులంటే పగా అన్నారు. పర్యావరణమంటే పరుల ఆవరణలోకి మురుగు తోలడం కాదన్నారు. పక్కనున్న ఇద్దరు పరీక్షకులూ తలలూపారు. వెనక బల్లలవాళ్ళు నవ్వారు — తమ నమూనాలు ఆరుతున్నాయి గనక.

"ఇంత బుద్ధిలేని రోడ్డు నా సర్వీసులో చూళ్ళేదు. ఎవరమ్మా నీకు నేర్పింది?"

అంగుళం తొందరపడలేదు. ఆ మాట బాగా ఇంకేదాకా ఆగింది.

"అది నేను గీసింది కాదు సార్. ఇప్పుడున్న వీధి. ఆ రోడ్డు మీరు గీసిందే."

వెనక నవ్వు తెగింది.

అట్ట అంచున రాసే ఉంది — ఉన్నది ఉన్నట్టు. ఉన్నదాన్ని ఎడమన, చేయబోయేదాన్ని కుడిన పెట్టడం ఆ చదువులో ఆనవాయితీ. ఆయన నేర్పిందే. చదవకుండా పోశారు.

"నాది కుడిపక్కది. పొయ్యండి సార్."

ఆయన సీసాకు మూత బిగించి బల్ల మీద పెట్టారు. టైమైపోయిందన్నారు. ఎర్ర పెన్ను తీశారు.

మార్కుల కాగితంలో ఆమె గడి ఖాళీగా ఉంది.

అంగుళం సీసా అందుకుంది. మూత తిప్పింది.

నమూనా మీదికి ఎత్తి, ఆగింది. నాలుగు నెలలు కట్టిన నమూనా... ఒక్కసారీ నీళ్ళు పోసి చూడలేదు. తడిస్తే మళ్ళీ కట్టే వ్యవధి లేదు.

ఆయన మీద కోపం వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచింది. వాలు?

వాలు కూడా కొలిచింది. కొలిచాననే అనుకుంది.

వంచింది.

నీళ్ళు రోడ్డు దిగాయి. మలుపు దగ్గర తడబడ్డాయి. ఒక పాయ ఆమె తవ్విన కాలువవైపు. ఇంకో పాయ...

గుమ్మంవైపు.

గుమ్మం ముందు ఆగింది. నిండు చుక్కగా. అడుగుతున్నట్టు.

ఎర్ర పెన్ను గడి మీద ఆగి ఉంది.

చుక్క కింద అట్ట నెమ్మదిగా రంగు మారుతోంది...

వాసన.