ఆడోళ్ల పని

పక్షవాతం వచ్చి బాలమ్మకు కుడిపక్క పడిపోయేనాటికి, ఎల్బీనగర్‌లో వాళ్ల చర్చికొచ్చే ఆడవాళ్లలో ఆమె మాట జవదాటేవాళ్లు లేరు. బుధవారం స్త్రీల కూటం ఆమెదే. "మొదటి ఆలుమొగలను తోటల నుంచి ఎల్లగొట్టిననాడే దేవుడు పని పంచిపెట్టిండు. మొగోనికి చెమట, ఆడదానికి నొప్పి. మార్చుకునేందుకు మనమెవలం?" అనేది. మొగుడు కొట్టిండని కూటంలోని పెంటమ్మ ఏడ్చుకుంటూ వస్తే, చాయ్ తాగించి, తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, ఆ సాయంత్రమే మళ్లీ ఆ మొగుని దగ్గరికే తోలింది. మొగోని పక్కటెముకతోని చేసిన ఆడది ఆ ఒంటిని విడిచి ఎటు పోతదని నవ్వింది కూడా.

మంచాన పడ్డాక ఆమెను చూసుకున్నది కొడుకు స్టీఫెన్. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్‌లో వంట చేసేవాడు. హాస్టల్ మూతపడి ఇంట్లోనే ఉన్నాడు. కోడలు సాధన దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక చీరల షాపులో ఫ్లోర్ ఇన్‌చార్జి. పొద్దున మెట్రో ఎక్కిందంటే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేది.

స్టీఫెన్ చేతిలో ఏదో నేర్పు ఉంది. తల్లిని పక్కకు తిప్పితే నొప్పి తెలిసేది కాదు. గోరువెచ్చని నీళ్లతో ఒళ్లు తుడిచి, మడతలన్నీ ఆరబెట్టి, పౌడర్ అద్ది, జావ తన పెదవికి ఆనించి చూసి తాగించేవాడు. బాలమ్మ ఒంటికి సుఖంగానే ఉండేది. మనసుకే సుఖం లేదు. కొడుకు తనను కడుగుతున్నంతసేపూ కళ్లు గట్టిగా మూసుకునేది.

ఒకరోజు చూడవచ్చిన విజయశ్రీకి మేడమీద తల్లి లంగాలు పిండి ఆరేస్తున్న స్టీఫెన్ కనిపించాడు. ఆమె కూటంలో బాలమ్మ తర్వాతి మనిషి. మంచం పక్కన కూర్చుని, "మీ కోడలు రాణి లెక్క పోతుంటె, కొడుకు లంగాలు ఉతుకుతున్నడు వదినా. బుధవారం మీరు చెప్పిందొకటి, మీ ఇంట్ల నడిచేదొకటి," అంది. వంటింట్లో నుంచి టీ తెస్తున్న స్టీఫెన్ ఆ మాట విన్నాడు. అతను విన్నాడని బాలమ్మకు తెలుసు. అయినా విజయశ్రీ ముందు పరువు పోకూడదని, "వాడు పుట్టుడే గట్ల పుట్టిండు. ఆడంగోడు," అంది.

స్టీఫెన్ టీ అక్కడ పెట్టి పోయాడు.

ఆదివారం జోగారావు పాస్టర్ ఇంటికొచ్చాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "కొడుకు తల్లి ఒంటిని కడగడం, కోడలు బయట పదిమందిలో తిరగడం ఏమిటమ్మా? పురుషుణ్ని శిరస్సుగా, స్త్రీని సహాయంగా చేశాడు కదా దేవుడు. మీకు నేను చెప్పాలా?" అన్నాడు. పోతూ పోతూ స్టీఫెన్‌కు బాటసింగారం పండ్ల మార్కెట్లో పని చూస్తానన్నాడు.

ఆ పూట నుంచి బాలమ్మ తిండి మానేసింది. కొడుకు చెంచా పెడితే పళ్లు బిగబట్టేది. జావ గడ్డం మీదుగా మెడలోకి కారేది. అతను తుడిచేవాడు, మళ్లీ పెట్టేవాడు. "నీ చేతితోని వద్దు. నీ పెండ్లాన్ని ఇంట్ల కూసోమను," అనేది. మనిషి నీరసించి మాట పడిపోయేలా ఉందని చివరికి సాధనే ఉద్యోగం మానేసింది. ఆ రాత్రి అత్త మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"అత్తమ్మా, నాకీ పని రాదు. నాకు వాసన పడదు, ఓపిక లేదు. షాపుల వందమందిని సంభాళిస్త గని ఇది నాతోని కాదు. తర్వాత నన్ననొద్దు."

"ఆడదానికి రాకపోవుడేంది? అది పుట్టుకతోనే దేవుడు పెట్టిండు," అంది బాలమ్మ, గెలిచిన గొంతుతో.

సాధన చెప్పింది నిజం. ఆమె చెయ్యి మొరటు. తిప్పితే భుజం కలుక్కుమనేది. నీళ్లు ఒకనాడు మరిగేవి, ఒకనాడు చల్లవి. మొదట్లో "అయ్యో, సుర్రుమన్నదా?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. ఆపైన, షాపు గుర్తొచ్చినప్పుడల్లా కసి చేతుల్లోకి దిగేది. తడిసిన గుడ్డ మధ్యాహ్నం దాకా అట్లనే ఉండేది.

స్టీఫెన్ పాస్టర్ చూపించిన పనిలో చేరి, పండ్ల లారీల దగ్గర చేసి సాయంత్రం ఇంటికొచ్చేవాడు. మొదటి వారం తల్లి మూలుగు విని లేచాడు. విజయశ్రీ ఉంది అప్పుడు. "కూసో. ఆడోళ్ల పని," అంది బాలమ్మ. అతను కూర్చున్నాడు. ఆ తర్వాత ఏనాడూ లేవలేదు.

వానాకాలానికి తుంటి మీద పుండు పడింది. చీము పట్టింది, వాసన మొదలైంది. సాధన ఆ గది తలుపు దగ్గరికేసి ఉంచసాగింది. ఒకనాడు సాధన కూరగాయలకు పోయిన సమయం చూసి బాలమ్మ కొడుకును పిలిచింది. అతను గడప దగ్గర నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక్కసారి నువ్వు కడుగు. దాని చెయ్యి పడితే కాలినట్టుంటది."

స్టీఫెన్ గడప దాటలేదు. "నీకు చేసిన దినాలల్ల నా మనసు మంచిగుండె అమ్మా. ఎందుకు పుట్టిన్నో అప్పుడే తెలిసింది నాకు. దాన్నే ఆడంగితనమంటివి."

"తప్పయింది. రా, జర తిప్పు."

"ఇప్పుడు నాకు రాదు," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. బాలమ్మకు భయమేసింది అందుకే. "మొగోన్ని కద. దేవుడు నా చేతిల ఆ పని పెట్టలేదు." బయటికి పోయి టీవీ పెట్టుకున్నాడు. ఆమె మూలుగు పెరిగితే సౌండ్ పెంచాడు.

చర్చిలో మాత్రం ఆ ఇంటికి పేరొచ్చింది. సంపాదించే మగవాడు, ఇల్లు కాచుకునే ఆడది, ఎట్లుండాలో అట్లున్నారని జోగారావు మెచ్చుకున్నాడు. స్టీఫెన్‌ను సంఘ పెద్దను చేశాడు. అతను ఇప్పుడు గట్టిగా మాట్లాడుతున్నాడు. పళ్లెంలో ఉప్పు తక్కువైతే పళ్లెం విసురుతున్నాడు. ఆ పూట సాధన అత్త గదిలోకి వచ్చే అడుగులు వేరేగా ఉంటాయి. అవి వినగానే బాలమ్మ పడిపోని ఎడమ చెయ్యి దుప్పటిని పట్టుకుంటుంది.

క్రిస్మస్ ముందు సైదాబాద్ నుంచి బ్లెస్సీ అనే కొత్త పెళ్లికూతురు వచ్చింది. పాస్టరే పంపాడు, బాలమ్మ పెద్దమ్మ దగ్గర నాలుగు మంచి మాటలు వినిరమ్మని. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, సిగ్గుపడి తీసేసి, మంచం అంచున కూర్చుంది. సాధన వంటింట్లో ఉంది. స్టీఫెన్ ఇంట్లో లేడు.

"పెద్దమ్మా, పెండ్లి కాకముందు నేను పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన మానెయ్యమంటున్నడు. నాకేమో అది చెప్తుంటేనే ప్రాణం లేచొస్తది. దేవుడు నన్ను గట్ల చేసిండేమో అనిపిస్తది. తప్పా పెద్దమ్మా?"

బాలమ్మ ఆ పిల్ల మొహం చూసింది. తప్పు కాదనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తుంటి సలిపింది. దిండు మీద ఆనించిన ఆ పిల్ల నున్నని చేతిని చూసింది, ఒక్క గీత కూడా లేదు. తను పడ్డది ఈమె మాత్రం ఎందుకు తప్పించుకోవాలి అనిపించింది.

"తప్పే బిడ్డా," అంది. "మానెయ్యి. మొగడు చెప్పినంక మళ్ల అడుగుడెందుకు?"

బ్లెస్సీ తల వంచుకుంది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఏడవసాగింది. ఆ పిల్ల ఏడుస్తుంటే చూస్తున్నంతసేపూ బాలమ్మకు నొప్పి తెలియలేదు.