లక్ష్మి చేతి సంతకం

రెండు వేల ఇరవై ఒకటి, నవంబర్ నాలుగు, గురువారం. ఆ ఏటి దీపావళి. తాండూరులోని ఆ ఇంట్లో ఆ రోజు భక్షాలు, గారెలు, కట్టుచారు, గుత్తి వంకాయ. తెల్లవారుజామున పొయ్యి ముందు నిలబడిన మనోరమ మధ్యాహ్నం దాటాక గానీ పక్కకు జరగలేదు. ఇంటివాళ్ళు తిన్నారు, తమ యూనిట్లో రాళ్ళు పాలిష్ పట్టే కూలీలకు వెళ్ళాయి, బంధువులకు డబ్బాల్లో వెళ్ళాయి. చేసిన మనిషికి చివరికి మిగిలింది పెనానికి అంటుకుని చిరిగి, పూర్ణం బయటపడిన ఒక్క భక్షం. దాన్ని ఆమె పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడే తింది. వేళ్ళకు ఏలకుల వాసన ఇంకా పోకముందే పూజ గదిలోంచి అత్తగారి పిలుపు.

"మనోరమా, చేతులు కడుక్కొని రా బిడ్డ. లక్ష్మి చేతి సంతకం కావాలె."

ఆ ఇంట్లో అదొక ఆచారం. వ్యాపారానికి సంబంధించిన కొత్త కాగితం ఏదైనా దీపావళి సాయంత్రం ఖాతా పుస్తకాలతో పాటు అమ్మవారి ముందు పెడతారు. కోడలు పసుపు కుంకుమ అద్ది, ఇంటి లక్ష్మిగా సంతకం చేస్తుంది. మామగారు ఉన్న రోజుల్లో అత్తగారు వేలిముద్ర వేసేదట. కాగితం చదవకూడదని మనోరమతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. కానీ ఇంటిల్లిపాదీ చేతులు జోడించి వెనక నిలబడి ఉంటే, కర్పూరం వెలుగుతూ ఉంటే, అమ్మవారి ముందు కూర్చుని కాగితాలు తిరగేసి చదివే కోడలు ఎక్కడైనా ఉంటుందా? భర్త రాఘవేంద్ర వేలితో చూపించిన చోటల్లా ఆమె సంతకం పెట్టింది. పెట్టి, వంగి కాగితాలకే దండం పెట్టుకుంది.

నెల తిరగకుండానే కొత్త పాలిషింగ్ మిషన్ వచ్చింది. రోడ్డు పక్కన యూనిట్ ముందు కొత్త బోర్డు కూడా లేచింది: 'మనోరమ స్టోన్స్'. బస్సులో ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆమె కిటికీ వైపు సీటు చూసుకుని కూర్చునేది. బోర్డు కనిపించగానే ఎందుకో చీర కొంగు సర్దుకునేది. యూనిట్ లోపలికి మాత్రం ఆమె వెళ్ళింది టిఫిన్ క్యారియర్లతోనే. రాయి కోసిన నీళ్ళు ఎండి, తెల్లగా అట్టకట్టిన ప్యాంట్లు రాత్రి నానబెట్టి పొద్దున బ్రష్షుతో రుద్దేది. ఎంత కడుక్కున్నా చేతి గీతల్లో ఆ పొడి ఉండిపోయేది. పిండి కలిపినప్పుడు మాత్రం కనిపించేది కాదు, రెండూ తెలుపే కాబట్టి.

అమ్మానాన్నలు పోయాక వికారాబాద్‌లో ఆమెకు మిగిలిన పుట్టిల్లు ఒక పిండి గిర్ని. స్టేషన్ వెనక సందులో వసంతమ్మది. చిన్నప్పుడు జొన్నలు పట్టించడానికి వెళ్ళిన మనోరమ గొట్టంలోంచి వెచ్చగా రాలే పిండి కింద అరచేతులు పెట్టి నిలబడేది. వసంతమ్మ ఏనాడూ కసురుకోలేదు. ఇప్పుడు వసంతమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. ఆ సంతకం పెట్టిన నాలుగో ఏడు శ్రావణంలో ఆమే కదిపింది.

"ఇంక నాతోని కాదు బిడ్డ. కొడుకులు లేరు, అల్లునికి గిర్నంటె నామోషి. నడిపేదానివి నువ్వైతె నీకే ఇస్త. దసరా దాంక ఎవ్వరికి మాటియ్య."

ఆ రోజు రైలులో తాండూరు వచ్చేదాకా మనోరమ కిటికీలోంచి ఏమీ చూడలేదు. ఒకటే ఆలోచన. బ్లౌజులు కుట్టి వెనకేసుకున్నది కొంత ఉంది. మిగతాది బ్యాంకు ఇస్తే చాలు. పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోవచ్చు. తను నిలబడి చేసే పనికి ఒకరు ఎదురుగా నిలబడి డబ్బులివ్వడం, తను గల్లాలో వేసుకోవడం. ఆ ఊహకే ఆమెకు సిగ్గు వేసింది, పెళ్ళిచూపులనాడు వేసినట్టు.

వికారాబాద్ బ్యాంకులో లోన్ల అధికారి స్నేహలత కంప్యూటర్‌లో చూసి మళ్ళీ ఒకసారి పేరు సరిచూసింది. తర్వాత కుర్చీ తన పక్కకు జరిపి, "ఇట్ల కూర్చోండమ్మా" అంది. వెనక వరుసలో ఉన్నవాళ్ళకు వినపడకూడదని గొంతు తగ్గించింది. ఆ తగ్గించిన గొంతును మనోరమ చాలా రోజులు మర్చిపోలేదు.

"మీ సిబిల్ స్కోర్ ఐదు వందల నలభై ఉంది. అప్పులు ఎట్ల కట్టిండ్రని వేసే మార్కు ఇది, మూడు వందల నుంచి తొమ్మిది వందల దాకా ఉంటది. ఏడు వందల యాభై దాటితే మాకు ధైర్యం."

"నేను ఎన్నడు లోన్ తీసుకోలేదు మేడమ్. బాకీ అంటెనే నాకు భయం."

"మీ పేరు మీద రెండున్నయమ్మా. ఒకటి శేడంల బైకు లోను, ఆర్నెల్ల నుంచి కట్టలేదు."

"శేడంల మాకెవ్వరు లేరు. బైకు నాకు రానే రాదు."

"అయితె అది వేరే ఎవరిదో మీ దాంట్ల పడ్డట్టుంది. అట్ల అయితయి అప్పుడప్పుడు. రెండోది పాలిషింగ్ మిషన్ లోను. మీరే ఓనరు. పోయినేడు సెటిల్ అయింది."

మనోరమ మొహం కాస్త తేటపడింది. "సెటిల్ అంటె తీరిపోయినట్టే కద?"

"కాదమ్మా. మొత్తం కడితే క్లోజ్డ్ అని రాస్తరు. కట్టలేమంటే బ్యాంకు కొంత వదులుకొని సెటిల్డ్ అని రాస్తది. ఈ మనిషికి ఇస్తే మొత్తం తిరిగి రాదు అని దాని అర్థం. దానికి ముందు కూడ చానా కిస్తీలు లేటున్నయి. స్కోర్‌ల అన్నిటికన్న పెద్దది అదే, తేదీకి కట్టిండ్రా లేదా అన్నది. మిషన్ ఎవరు నడిపిండ్రు, పైసలు ఎవరు వాడుకున్నరు అని సిబిల్ అడగదు. సంతకం ఎవరిది అనే చూస్తది."

పోయిన ఏడు ఒక సాయంత్రం మనోరమకు గుర్తుకొచ్చింది. రాఘవేంద్ర జిలేబీ పొట్లంతో వచ్చాడు. "బ్యాంకోని మెడలు వంచి రెండు లక్షలు మాఫీ చేయించిన" అన్నాడు. అత్తగారు కొడుక్కి దిష్టి తీసింది. ఆ జిలేబీ అందరికీ పళ్ళేల్లో పెట్టి ఇచ్చింది మనోరమే.

స్నేహలత ఒక తెల్లకాగితం మీద చెయ్యాల్సినవి రాసిచ్చింది. రిపోర్టు ఏడాదికోసారి ఊరికే వస్తుంది. తప్పు కనిపిస్తే ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టొచ్చు, రూపాయి ఖర్చు లేదు, ఏజెంట్లకు ఇవ్వక్కర్లేదు. వాళ్ళు లోన్ ఇచ్చిన కంపెనీని అడుగుతారు, నెల రోజుల్లో తేల్చాలి. "మీరు చెయ్యగలరమ్మా" అని కూడా అంది.

తిరుగు రైలులోనే ఆమె ఫోన్‌లో మొదలుపెట్టింది. తన పేరు, పాన్ నంబరు కొట్టింది. ఓటీపీ పంపామని వచ్చింది. ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురుచూసింది. ఏదీ రాలేదు. కాసేపటికి రాఘవేంద్ర దగ్గర్నుంచి ఫోన్.

"ఏమే, నాకేదో ఓటీపీ వచ్చింది, నీ పేరు మీద. ఎవడన్న మోసగాడు తగులుకున్నడా?"

ఆమె ఖాతాలన్నిటికీ ఇచ్చింది అతని నంబరే. తన లెక్క తాను చూసుకోవాలంటే అతని జేబులోంచి రావాలి.

"నేనే కొట్టిన. నంబర్ చెప్పుండ్రి."

"సిబిలా? నీకెందుకే సిబిలు? రొట్టెలు చెయ్యనీకి స్కోర్ అడుగుతుండ్రా?" నవ్వుకుంటూ ఒక్కొక్క అంకే చెప్పాడు, బళ్ళో వేసిన పిల్లకు చెప్పినట్టు. ఆమె ఒక్కొక్కటే కొట్టుకుంది.

రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగింది, గొంతు పెంచకుండానే. "మిషన్ లోన్ నా పేరు మీద ఉన్నదని నాకు చెప్పలేదు."

"చెప్పుడేంది? సంతకం నువ్వే పెడ్తివి గద."

"కిస్తీలు లేటయినయి. సెటిల్ చేసిండ్రు. నా పేరు పాడయింది."

"అయితె ఏమాయె?" రాఘవేంద్రకు నిజంగానే అర్థం కాలేదు. కోపం లేదు అతనిలో, పప్పు ఇంకొంచెం వెయ్యమని పళ్ళెం ముందుకు జరిపాడు. "నువ్వేమన్న లోన్లు తీసుకునేదానివా? నా పేరు, తమ్ముని పేరు సాఫ్ ఉంటె రేపు దేనికన్న పనికొస్తది. నాది ఏడు వందల తొంబై ఉన్నది, ఎరుకేనా?"

"ఆడోళ్ళ పేరు శుభలేఖ మీదుంటె సాలు బిడ్డ. బ్యాంకుల ఎందుకు?" అంది అత్తగారు, నెయ్యి గిన్నె అందుకుంటూ.

మనోరమ పప్పు వేసింది. గరిటె నుంచి ఒక్క చుక్క కింద పడలేదు. అదే ఆమెకు తర్వాత ఆశ్చర్యంగా తోచింది. అందరూ మంచి పేరు తెచ్చుకోమన్నారు. పెళ్ళికి ముందు నాన్న అన్నాడు, పెళ్ళయ్యాక ఇరవై రెండేళ్ళుగా వీళ్ళంటున్నారు. అందరికన్నా ముందు లేచి తెచ్చుకుంది, ఎదురు మాట్లాడక తెచ్చుకుంది, జ్వరంలో పొయ్యి ముట్టించి తెచ్చుకుంది. అదంతా ఎక్కడా నమోదు కాలేదు. ఎక్కించే చోట ఎక్కింది ఇంకెవరో కట్టని కిస్తీ. అన్నిటికన్నా ఆమెను కోసింది అతను తనను మోసం చేశాడని కాదు. మోసం చెయ్యాలని కూడా అతను అనుకోలేదు. తనకు ఒక రేపు ఉంటుందన్న తలంపే అతనికి రాలేదు.

మర్నాడు వంట పని అయ్యాక కుట్టుమిషన్ ముందు కూర్చుని అభ్యంతరం పెట్టింది. బైకు లోను దగ్గర 'ఈ ఖాతా నాది కాదు' అన్న వరుస నొక్కింది. మిషన్ లోను పక్కన కూడా అదే వరుస ఉంది. వేలు అక్కడ చాలాసేపు ఆగింది. నొక్కొచ్చు. కానీ తన సంతకాన్ని తనదే కాదనడానికి మనసు ఒప్పలేదు. ఆ ఇంట్లో పూర్తిగా ఆమెది అని చెప్పుకోదగ్గది ఆ సంతకం ఒక్కటే. వేలు వెనక్కి తీసుకుంది.

రిపోర్టులో ఆ శేడం మనిషి పేరు కూడా మనోరమే. పుట్టిన తేదీ కూడా ఒకటేనేమో, ఎట్లా కలిసిందో మరి. బ్లౌజు చంకలు అతుకుతూ ఆ ఇంకో మనోరమ గురించి అనుకుంది. ఆ బైకు ఆమె నడుపుతుందా? నడపదు. ఎవరు నడుపుతున్నారో, ఆమె చేత ఏ దేవుడి ముందు సంతకం పెట్టించారో.

నెల నిండకముందే మెసేజ్ వచ్చింది. మీ అభ్యంతరం సరైనదని తేలింది, ఆ ఖాతాను మీ రిపోర్టు నుంచి తొలగించాము అని. మనోరమ రెండుసార్లు చదువుకుంది. నువ్వు చెప్పింది సరైనదే, తప్పు మాది, దిద్దుకున్నాం అని పెళ్ళయినప్పటి నుంచి ఆమెతో ఒక్క మనిషీ అనలేదు. అన్నది ఒక యంత్రం. దానికే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుడ్డ మీద పడకుండా తల పక్కకు తిప్పుకుంది, బ్లౌజు ఎవరిదో కదా.

స్కోర్ ఆరు వందలు దాటింది. సరిపోలేదు. మాఫీ అయినదంతా కట్టేస్తే 'క్లోజ్డ్' అని రాయించుకోవచ్చని స్నేహలత చెప్పింది. రాఘవేంద్రను అడిగితే, "వదిలేసిన పైసలు ఎదురు కట్టే పిచ్చోడుంటడా?" అని చెల్లెలి ఇంటికి ఫోన్ చేసి మరీ నవ్వాడు.

దసరా వచ్చింది, పోయింది. మోకాళ్ళ ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. వసంతమ్మ గిర్నిని దౌల్తాబాద్ ఆయనకు అమ్మేసింది. మనోరమ వెళ్ళేసరికి మిషన్ విప్పి ఆటోలోకి ఎక్కిస్తున్నారు. "నేను పాపం చేసిన, బిడ్డ" అంది వసంతమ్మ, ఆమె రెండు చేతులూ పట్టుకుని. "నువ్వేం చెయ్యలేదు పెద్దమ్మా" అంది మనోరమ. గింజలు కొలిచే ఇత్తడి మానికను మాత్రం వసంతమ్మ ఆటో ఎక్కనియ్యలేదు. కొంగుతో తుడిచి మనోరమ సంచిలో పెట్టింది. స్టేషన్‌కు పోతూ మనోరమ బ్యాంకు దగ్గర ఆగింది. గిర్ని కోసం దాచినదాన్ని ఎక్కడ, ఎట్లా కట్టాలో అడిగి రాసుకుంది. అప్పు తను వాడుకోలేదు. కానీ పేరు తనది, కుదువలో ఉంది. విడిపించుకోవాలి.

మళ్ళీ దీపావళి. మళ్ళీ భక్షాలు. ఈసారి పొయ్యి దగ్గర తోడికోడలు రజిని కూడా ఉంది, మరిది మహేష్ భార్య. పెళ్ళయి మూడేళ్ళు, కొత్త పట్టుచీర, నుదుటి మీద పిండి. సాయంత్రం పూజ గదిలో ఖాతా పుస్తకాల పక్కన కొత్త కాగితాలు పెట్టారు. అత్తగారు పిలిచింది.

"రజినీ, రా బిడ్డ. ఈసారి లక్ష్మి చేతి సంతకం నీది."

"మనోరమ పేరు నడుస్తలేదిప్పుడు" అన్నాడు రాఘవేంద్ర, పాత చెప్పుల గురించి చెప్పినట్టు.

రజిని మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు మనోరమకు తెలుసు. బస్సు కిటికీలో తన మొహం మీద చూసుకున్నదే. కర్పూరం వెలిగింది. రజిని పసుపు అద్ది, పెన్ను మూత తీసింది.

"రజినీ, చదివి పెట్టు" అంది మనోరమ.

రజిని పెన్ను కాగితానికి తగలకముందే ఆగింది.

"పండుగ పూట ఏం మాటలే అవి?" అత్తగారు. "అమ్మవారి ముందట..."

"అమ్మవారు పసుపు అడిగింది అత్తమ్మా, పెట్టినం. సంతకం అమ్మవారు అడగలేదు, మీరు అడిగిండ్రు." గొంతు ఎప్పటిలాగే ఉంది, వడ్డించేటప్పుడు ఉన్నట్టే. "చదువుకోనీ. నేను చదవలేదు. రేపు ఆ పిల్లకు ఏదన్న కావాలనిపిస్తె పేరు ఉండాలె గద."

"వదినా, రేపు పొద్దుగాల బ్యాంకుల ఇయ్యాలె" అన్నాడు మహేష్.

"ఏడు వందల తొంబై ఉన్నది గద మీ అన్నకు. పెట్టమనుండ్రి."

రాఘవేంద్ర హారతి కళ్ళకద్దుకుని చరచరా బయటికి నడిచాడు. మహేష్ వెంట వెళ్ళాడు. అత్తగారు గొణుక్కుంటూ కూర్చుని, చివరికి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి తన గదికి వెళ్ళింది. మనోరమ వంటింట్లోకి వెళ్ళి, వండిన భక్షాలలో చిరగని వాటిని రెండు తీసి పళ్ళెంలో వేసింది. మానికను స్టూలు మీంచి కిందికి దించి, మొదటిసారి పండుగనాడు కూర్చుని తినడానికి చోటు చేసుకుంది. తల తిప్పి చూస్తే రజిని ఇంకా అక్కడే, దీపం ముందు, కాగితం మొదటి పేజీ మీద వేలు పెట్టుకుని పెదవులు కదుపుతూ చదువుతోంది.

చాలాసేపటికి ఆ పిల్ల లేచింది. పెన్నుకు మూత పెట్టింది. కాగితాలు సంతకం లేకుండానే, ఎలా ఉన్నాయో అలాగే అమ్మవారి ముందు ఉంచి, దీపంలో నూనె పోసి, బయటికి వచ్చి, చప్పుడు కాకుండా పూజ గది తలుపు మూసింది.