ఇస్త్రీ చేసిన బొమ్మలు

స్కానింగ్ సెంటర్లో అతన్ని పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఇస్త్రీబాబే. ఒళ్లంతా ఎమ్మారై తీయాలంటే తల నుంచి మోకాళ్ల దాకా ఐదు ముక్కలుగా తీయాలి. ఏ ముక్క వెలుగు దానిదే. ఛాతీ తెల్లగా వస్తే నడుము నల్లగా వస్తుంది. పాత మెషీన్ ఒక తీరు, కొత్తది ఇంకో తీరు. ఈ తేడాలతో బుర్ర వేడెక్కుతోందని పెద్ద డాక్టరమ్మ విసుక్కుంటే, అతను ఆర్నెల్లు కూర్చుని ప్రోగ్రాం రాశాడు. ఎముకకి ఇంత వెలుగు, కొవ్వుకి ఇంత వెలుగు అని మట్టాలు పెట్టాడు. ఎక్కడైనా ఎముకంతా ఒకేలా మట్టం తప్పితే, అది మెషీన్ తప్పే అనుకుని ప్రోగ్రాం సరిచేసేస్తుంది. ఒక్క మడత కనపడదు. అందుకే ఆ పేరు, అతనికీ అది ముద్దుగానే ఉండేది.

నడుం నొప్పని అతని అక్క ఏడాదిలో రెండోసారి స్కానుకు వచ్చింది. డాక్టరమ్మ పాత బొమ్మలూ కొత్త బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"తేడా ఏం లేదమ్మా. అచ్చు గుద్దినట్టున్నాయి."

పక్కనే నిలబడి అతను పొంగిపోయాడు. అక్క నొప్పి పక్కనపెట్టి, తన ప్రోగ్రాంని చూసుకుని సిగ్గులేకుండా పొంగిపోయాడు.

ఆ తర్వాత కూడా అక్క ఫోన్ చేస్తూనే ఉంది. "కూర్చుంటే లేవలేకపోతున్నానురా చిన్నోడా."

"ఒళ్లంతా జల్లెడ పట్టాం కదక్కా! అనుమానమే నీ జబ్బు" అని కసిరాడు.

నాలుగు నెలలకి కాళ్లు కదపలేక ఆస్పత్రిలో చేరింది. ఎముక గుచ్చి మూలుగ తీసి చూస్తే, అంతా క్యాన్సరే.

అతను పరుగున సెంటరుకి వెళ్లి, సరిచేయక ముందటి బొమ్మలు తెరిచాడు. వాటిని ఎవరూ చూడరు. చూడక్కర్లేదని చెప్పింది తనే. మొదటిసారి తెల్లగా ఉన్న వెన్నెముక, రెండోసారికి ఒక్క పూస తప్పకుండా తుంటి దాకా నల్లబడి ఉంది. ఎక్కడో ఒక మచ్చ ఉంటే ప్రోగ్రాం దాని జోలికి పోయేది కాదు. జబ్బు అంతటా ఒకేలా పాకింది కాబట్టి మెషీన్ తప్పనుకుని, శుభ్రంగా తెల్లబరిచి పెట్టింది.

వార్డులో అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను దాచలేదు.

"రెండో స్కానులోనే జబ్బు కనపడిందక్కా. నా ప్రోగ్రామే చెరిపేసింది."

ఆమె తల ఇటు తిప్పింది.

"ఇంకో డాక్టరుకి చూపిద్దామని మీ బావ ఎంత పోరు పెట్టారో తెలుసా? మా తమ్ముడు చూశాడు, వాడికంటే మీకెక్కువ తెలుసా అని ఆయన్ని నోరెత్తనివ్వలేదురా. ఇప్పుడు ఆయనకేం చెప్పను?"

ఇంతలో బావ ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వచ్చాడు. అతన్ని చూసి, "పని మానుకుని వచ్చావా, పాపం" అంటూ తనే కుర్చీ లాగి వేశాడు.