దివాన్ సాబ్ మర్యాదలు

చాంద్‌బీ ఇంట్లో వియ్యాలవారి పళ్లెంలో ఆకుకూర పడిన రోజు లేదు. కొల్లాపూర్‌లో ఆమెను ఎరిగినవాళ్లు ఎవరైనా ఆ మాట చెబుతారు. ఆమె చిన్నప్పుడు మేనత్త ఇంట్లో ఎవరో తెలియక, పెళ్లికొడుకు తరఫు పెద్దమనిషికి చుక్కకూర పప్పు వడ్డించారట. ఆయన రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని వెళ్లి, మళ్లీ ఆ గడప తొక్కలేదట. ఆ కథ వింటూ పెరిగిన మనిషి చాంద్‌బీ. కోడలి తరఫు నుంచి ఎవరొచ్చినా, వాళ్లను దింపిపోయే ఆటో అతనైనా సరే, ముక్క పెట్టకుండా పంపదు. వద్దంటే అసలే పంపదు. ఏమీ వద్దు, ఇప్పుడే తిని వచ్చామనడం వియ్యాలవారి మర్యాద. ఆ మాట చెవిన పెట్టకపోవడం మన మర్యాద. ఇందులో ఆమెకు ఏ సందేహమూ లేదు.

కోడలు ముబషిరా వనపర్తి పిల్ల. జంతుశాస్త్రం చదివింది. చదువుకునే రోజుల్లో హైదరాబాదు గదిలో ఇగువానా అనే ఒక పెద్ద బల్లిని పెంచుకుంది. పెళ్లయ్యాక దాన్ని కూడా వెంట తెచ్చుకుంది. మూరెడు ఒళ్లు, ఒంటికంటే పొడుగు తోక, గొంతు కింద వేలాడే తోలు సంచి. ముబషిరా దాన్ని మున్నా అని పిలిచేది. ఆ మొహానికి మున్నా ఏంటని చాంద్‌బీకి మొదటి రోజే అనిపించింది. కళ్లు సగం మూసి, మెడ నిక్కించి, నీ అర్జీ వినాలా వద్దా అన్నట్టు చూసే ఆ చూపు సంస్థానాల కాలపు దివాను చూపే. అందుకని ఆమె దివాన్ సాబ్ అన్నది. ఇంట్లో అదే నిలిచింది. వాడకట్టంతా మొదట ఉడుమనుకుని, ఇంట్లో ఉడుమును పెట్టుకుంటే జైలేనని బెదిరించి పోయింది. ఇది ఉడుము కాదనీ, సర్కారు దగ్గర పేరు రాయించిన జీవమేననీ చాంద్‌బీ భర్త ఇక్బాల్ మామిడి మండీలో అందరికీ చెప్పుకోవలసి వచ్చింది.

దాని తిండి సంగతి కోడలే చూసుకునేది. ఇప్పుడు లెక్చరర్ ఉద్యోగానికి పరీక్ష రాయడానికి మొగుడు బాసిత్‌తో హైదరాబాదు వెళ్తూ, దివాన్ సాబ్‌ను అత్త చేతుల్లో పెట్టింది. ఈ ఇంటికి వచ్చాక ఆ పిల్ల అత్తను నమ్మి అప్పజెప్పిన మొదటి పని అదే. తాను తిరిగి వచ్చేసరికి జీవం చలాకీగా కనబడాలి. కనబడకపోతే ఆ తర్వాత ఎన్ని బిర్యానీలు వండినా ఆ నమ్మకం తిరిగి రాదని చాంద్‌బీకి తెలుసు.

"అమ్మీ, పొద్దుగాల జరసేపు ఎండల కూసోబెట్టుండ్రి. ఒళ్లు వెచ్చబడ్డంక మునగాకు, మందారాకు సన్నగ తరిగి పెట్టుండ్రి" అన్నది ముబషిరా. "గుమ్మడికాయ తురుము కలిపితే ఇంక మంచిది. మామిడిపండు ఎప్పుడన్న ఒక ముక్క. మాంసం వద్దు, గుడ్డు వద్దు, పాలు వద్దు. పాలకూర గూడ రోజూ వద్దు. గంతే అమ్మీ, దానికి ఆకులే చాలు."

చాంద్‌బీ ప్రతి మాటకూ తలూపింది. చివరి మాటకు మాత్రం లోపల మురిసిపోయింది. ఎంత మంచి పెంపకం! పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న జీవానికి కీమా కావాలని ఏ కొత్త కోడలు నోరు తెరిచి అడుగుతుంది?

అయినా మొదటి రోజు చెప్పింది చెప్పినట్టే చేసింది. దివాన్ సాబ్ ఎండలో ఒళ్లు కాచుకుని, మునగాకు నెమ్మదిగా నములుతూ ఉండగా, పక్కింటి బాలనాగమ్మ పెరుగు తోడుకు గిన్నె పట్టుకుని వచ్చింది. పళ్లెంలోకి చూసి మూతి మీద వేలు పెట్టుకుంది.

"గిదేంది చాంద్‌బీ అక్కా, కోడలు బస్సెక్కిందో లేదో, ఆమె జీవానికి ఆకులేస్తున్నవా?"

"ఆమెనే ఆకులు చాలన్నది."

"అనకుంట ఏం జేస్తదక్కా. నా బిడ్డను ఇచ్చినోల్ల ఇంటికి పోతే నేను గూడ చాయ్ చాలంట. నిజంగ ఉత్త చాయే ఇస్తే నా పాణం ఎట్లుంటది చెప్పు?"

ఆ మాట చాంద్‌బీకి సూటిగా తగిలింది. దానికి తోడు ఆ సాయంత్రమే వనపర్తి నుంచి వియ్యపురాలు ఖైరున్‌బీ ఫోన్ చేసింది. పిల్లలు పరీక్ష అయి వచ్చే శుక్రవారం నాడు తానూ వస్తాననీ, బిడ్డనూ అల్లుణ్నీ చూసినట్టుంటుందనీ, దివాన్ సాబ్‌ను కూడా ఒకసారి చూసి పోతాననీ చెప్పింది. చాంద్‌బీ కళ్ల ముందు మేనత్త ఇంట్లోని చుక్కకూర పప్పు మెదిలింది.

మరునాడు దివాన్ సాబ్ పళ్లెంలోకి మెత్తగా ఉడికించిన కీమా వచ్చింది. ఆయన నాలుక చాపి చూసి, కొంత తిన్నాడు. చాంద్‌బీ మనసు కుదుటపడింది. తింటున్నాడంటే కావాలనేగా! ఆ వెంటనే గుడ్డు చిదిమి పెట్టింది. తర్వాత రొట్టె నలిపి నెయ్యి వేసిన మలీదా, చల్లారిన పాల ఫిర్నీ. బాలనాగమ్మ కూడా తన వంతుగా నాటుకోడి గుడ్డు తెచ్చి ఇచ్చింది. ఇక్బాల్ ఒక్కడే, పిల్ల వద్దని చెప్పింది కదా అని నసిగాడు. వియ్యాలవారితో మర్యాదలు మగవాళ్లకు తెలియవని చాంద్‌బీ ఆయన నోరు మూయించింది.

ఆ తర్వాత దివాన్ సాబ్ తాను పడుకునే పెట్టె మూల విడిచి రాలేదు. కళ్లు తెరవలేదు. గొంతు సంచి వడలిన బెండకాయలా ముడుచుకుపోయింది. పొట్ట బిగిసింది. చాంద్‌బీకి తెలిసిన వైద్యం ఒకటే, ఇంకా మంచిది వండి పెట్టడం. ఆమె మాంసం ఉడికించిన నీళ్లతో యఖ్నీ కాచి చెంచాతో మూతి దగ్గర పెడితే, ఆయన మొహం తిప్పుకున్నాడు. తన చేతి వంట ముందు మొహం తిప్పుకున్న ప్రాణిని ఆమె అంతవరకూ చూడలేదు. అప్పుడు భయం వేసింది.

మామిడి గంపలో తువ్వాలు పరిచి, దివాన్ సాబ్‌ను అందులో పెట్టి, ఇక్బాల్ బండి వెనక కూర్చుని పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్ నిరంజన్ గంపలోకి వంగి చూసి, ఉన్న మాటే చెప్పాడు. తనకు తెలిసింది బర్రెలూ మేకలూ, ఒకసారి దారిన పోయే ఒంటెకు సూది వేశాడు, ఇలాంటి జీవం ఇంతవరకూ తన ముందుకు రాలేదు. ఏం పెట్టారని అడిగాడు. చాంద్‌బీ చెప్పుకుంటూ పోయింది. కీమా దగ్గర ఆయన తలెత్తాడు. ఫిర్నీ దగ్గర కళ్లద్దాలు తీశాడు.

"మా మరదలి పెండ్లిల గూడ గిన్ని పెట్టలేదమ్మా" అన్నాడు. "పెంచుకునే ఆమె ఏం పెట్టుమన్నది?"

"ఆకులు."

"మరి ఆకులు పెట్టలే?"

చాంద్‌బీ గంప మీది తువ్వాలు సర్దుతూ ఉండిపోయింది. తెలియని జీవానికి ఊహించి మందు ఇవ్వలేననీ, దాని సంగతి తెలిసిన మనిషి ఉండగా ఆమెకు ఫోన్ చేయక ఇక్కడికి ఎందుకు తెచ్చారనీ డాక్టర్ అన్నాడు. ఆ ఒక్క పని తప్ప ఏం చేయమన్నా చేసేది చాంద్‌బీ. పరీక్షలో పిల్ల పరేషాన్ అవుతుందని ఇంటికి వచ్చేదాకా సాకు చెప్పింది. పరీక్ష పొద్దున్నే అయిపోయిందని ఇక్బాల్ నంబరు నొక్కి ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

చాంద్‌బీ ఏదీ దాచలేదు. కీమా నుంచి యఖ్నీ దాకా అన్నీ చెప్పింది. ముబషిరా తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"అమ్మీ, గోరువెచ్చని నీళ్లు టబ్బుల వోసి, దాని పొట్ట మునిగేటట్టు జరసేపు కూసోబెట్టుండ్రి. తల నీళ్ల పైననే ఉండాలె" అన్నది ముబషిరా. మాట నిలకడగానే ఉంది. "తర్వాత ఎండల పెట్టుండ్రి. ఆకులు తప్ప ఏం పెట్టకుండ్రి. నేను ఇక్కడి డాక్టరును గూడ అడిగి మల్ల చేస్త."

"ఆకులు చాలన్నది నువ్వు మర్యాదకు అన్నవనుకున్న బేటా."

"నేను మర్యాద చేస్తనేమో గని, అది చెయ్యదమ్మీ. దానికి కడుపు ఒక్కటే తెలుసు."

చాంద్‌బీ ఫోన్ పెట్టబోయి ఆగింది. ఎన్నాళ్లుగానో లేని అనుమానం ఒకటి ఇప్పుడే తలెత్తింది. "మరి పొద్దుగాల పాయా పెడితే నువ్వు గూడ వద్దంటవు. అది?"

"అది నిజంగనే వద్దమ్మీ."

పెళ్లయిన నాటి నుంచి ఆ పిల్ల మింగిన మేక కాళ్ల పాయా గిన్నెలన్నీ చాంద్‌బీ కళ్ల ముందు వరుసగా నిలబడ్డాయి. "బిర్యానీ రెండోసారి వద్దంటవు గద?"

"అది మర్యాదకు" అన్నది ముబషిరా చిన్నగా.

చాంద్‌బీ టబ్బులో నీళ్లు పోసి, మోచేయి ముంచి వేడి చూసుకుని, పసిపిల్లకు పోసినట్టే పోసింది. దివాన్ సాబ్ నీళ్లలో కూర్చుని, ఇంటి పరువూ వియ్యాల మర్యాదా చూడకుండా, కడుపులోని కీమా బాకీ అంతా టబ్బులోనే తీర్చేశాడు. ఆ వాసనకు ఇక్బాల్ వీధిలోకి పరుగెత్తాడు. చాంద్‌బీ మాత్రం అల్లాకు షుక్రియా చెప్పుకుంటూ నీళ్లు మార్చింది. శుక్రవారం పొద్దుటికి దివాన్ సాబ్ కళ్లు తెరిచి, పిట్టగోడ మీద ఎండకు మెడ నిక్కించాడు. తినడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

కొడుకు పెళ్లి విందు వలీమా నాడు తప్ప బయటికి తీయని బంగారు అంచు పింగాణీ పళ్లెం తీసి, చాంద్‌బీ అందులో మునగాకు, గుమ్మడి తురుము పెట్టి, పైన ఒక ఎర్ర మందారం ఉంచింది. సరిగ్గా అప్పుడే ఖైరున్‌బీ వచ్చింది. సలాములయ్యాయి. ఖైరున్‌బీ చూపు పిట్టగోడ మీది పళ్లెం మీద పడింది. అక్కడే నిలిచింది. ఆ చూపుకు అర్థం చాంద్‌బీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమె చెవులు వేడెక్కాయి.

ఖైరున్‌బీ సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచింది. షామీ కబాబులు. "ఒట్టి చేతులతోని ఎట్లొస్త? దివాన్ సాబ్‌కని చేసుకొచ్చిన" అన్నది.

"వద్దు వదినా. దానికి పడదు."

"మీరు గిట్ల మొహమాటపడుడు మాకు మంచిగనిపిస్తదా?"

"మొహమాటం కాదు వదినా. నిజంగనే వద్దు."

ఎంత గట్టిగా వద్దంటే ఖైరున్‌బీకి అంత బాగా అర్థమైంది, ఈ ఇంటి వాళ్లది గొప్ప మర్యాద అని. చాంద్‌బీ చెయ్యి అడ్డం పెట్టింది. ఖైరున్‌బీ ఆ చేతిని ప్రేమగా పక్కకు తోసి, కబాబు తుంచి దివాన్ సాబ్ మూతి దాకా తీసుకుపోయింది. దివాన్ సాబ్ నాలుక బయటికి వచ్చింది. చాంద్‌బీకి మాటలతో పని జరగదని తెలిసిపోయింది. చటుక్కున ఆ ముక్క అందుకుని తన నోట్లో వేసుకుంది. ఖైరున్‌బీ తెల్లబోయి ఇంకోటి తీసింది. చాంద్‌బీ అదీ తిన్నది. డబ్బా సగమయ్యేదాకా ఒకరు తీయడం, ఒకరు మింగడం సాగింది. గుమ్మంలో నిలబడిన ఇక్బాల్‌కు కలగజేసుకోవడానికి ఏ వైపూ తోచలేదు.

ఆ గొడవకు విసుగొచ్చినట్టు దివాన్ సాబ్ తిరిగి, పళ్లెం దగ్గరికి పాకి, మందారపు రేకను కొరికి నమిలాడు. తర్వాత ఇంకోటి. ఆ మీద మునగాకు. చాంద్‌బీ నోట్లో కబాబుతోనే పిట్టగోడకు చేరబడి కళ్లు తుడుచుకుంది.

బాసిత్ వెంట బ్యాగుతో లోపలికి వచ్చిన ముబషిరా మొదట దివాన్ సాబ్ పొట్ట తడిమింది. తర్వాత అత్త భుజం మీద చెయ్యి వేసి ఒక క్షణం అలాగే ఉంది. అంతకు మించి చాంద్‌బీ కూడా ఏమీ కోరలేదు.

అన్నాల వేళ కోడలు బిర్యానీ డేగిసా ముందు కూర్చుని అడిగింది, "అమ్మీ, వడ్డించాల్నా?"

"వద్దు బేటా."

"నిజం వద్దా, మర్యాదకు వద్దా?"

"నిజం. మెడ దాకా కబాబులే ఉన్నయి."

ముబషిరా ఒప్పుకుని, తన తల్లి వైపు తిరిగింది. ఏమీ వద్దనీ, తినే బయలుదేరాననీ ఖైరున్‌బీ అలవాటు కొద్దీ అన్నది. సరేనని ముబషిరా డేగిసా మీద మూత పెట్టేసింది. వనపర్తిలో పొద్దున్నే బస్సెక్కిన మనిషి ఆ మూత వైపే చూస్తూ కూర్చుంది.

చాంద్‌బీ కాసేపు ఆ చూపును చూసి, లేచి మూత తీసింది.