నూనె పెట్టిన తూటాలు

మా నాన్న చేసిన పంపకం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. రైఫిలు నాకు, దాని తూటాలు మా అన్నయ్యకి. తాళం ఒకరికీ తాళంచెవి ఇంకొకరికీ ఎవరైనా ఇస్తారా? ఆయన ఇచ్చాడు. ఇచ్చి హాయిగా కన్నుమూశాడు.

అది మా తాత కొన్న రైఫిలు. దానికి పట్టే తూటాలు ఇప్పుడెక్కడా తయారు కావు. ఏ దుకాణంలో అడిగినా నన్ను ఎగాదిగా చూసి పంపించేశారు. నాన్న పోయేనాటికి ఇంట్లో మిగిలినవి ఏడంటే ఏడు. మూడేళ్లకోసారి అధికారి ముందు ఒక్కటైనా పేల్చి చూపిస్తేనే లైసెన్సు. పేలకపోతే గొట్టంలో ఇనపకడ్డీ దింపి, వెల్డింగ్ చేసి, బొమ్మలా చేతికిస్తారు. అన్నయ్యకి కావలసింది సరిగ్గా అదే. వాడిది ఫొటో ఫ్రేములు కట్టే కొట్టు. నాన్న పోయిన నెలకే రైఫిలుని తగిలించడానికి గోడ కొలత తీసుకున్నాడు, మహానుభావుడు.

నా రైఫిలు బొమ్మ కాకూడదు. నాకు పద్నాలుగేళ్లప్పుడు నాన్న దాన్ని వాడి చేతిలోంచి తీసి నా చేతిలో పెట్టాడు. "నీకు నిలకడ లేదురా, చెల్లికుంది" అని వాడితో అన్నాడు. ఈ జన్మలో నన్ను మెచ్చుకుని ఎవరైనా ఇచ్చింది అదొక్కటే. వాడు ఆ మాట మరిచిపోలేదు. నేను మరిచిపోనివ్వలేదు.

తూటాల కోసం వాడి కొట్టుకెళ్లి నానా రభస చేశాను. అద్దాలు పగల్లేదు గానీ పగిలినంత పనైంది. చివరికి బాబాయి వచ్చి ఆరు నాకిప్పించాడు. ఏడోది వాడు జేబులో వేసుకున్నాడు.

"అదొక్కటీ దేనికి నీకు? చెవిలో పెట్టుకుంటావా?" అన్నాను.

"నాన్న నాకిచ్చాడు, ఉంచుకుంటా. తూటాల గురించి ఆయనో మాట చెప్పాడు, విని వెళ్లు."

"నీ మాటలు నాకక్కర్లేదు. మళ్లీ నా గుమ్మం తొక్కావంటే బాగుండదు!"

రెండేళ్లు తొక్కలేదు.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. బిగుసుకుపోయినది ఏదైనా సరే, రెండు చుక్కల నూనెకి లొంగుతుందని నా నమ్మకం. నెలకోసారి రైఫిలు ముందేసుకుని కూర్చునేదాన్ని. బోల్టు ఊడదీసి, గొట్టంలో గుడ్డ దూర్చి లాగి, స్ప్రింగుకి నూనె వేసేదాన్ని. అదే చేత్తో తూటాలకీ పట్టించేదాన్ని. ఒక్కొక్కటీ తుడిచి, మిషన్ నూనె రాసి, నూనెగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టేదాన్ని. ఇత్తడి తళతళలాడుతుంటే కడుపు నిండిపోయేది. వాడి దగ్గరున్నది ఈపాటికి చిలుము పట్టి చచ్చుంటుందని నవ్వుకునేదాన్ని కూడా.

లైసెన్సు రోజున ఫైరింగ్ రేంజికి వెళ్తే వాడు ముందే వచ్చి కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి కొలత టేపు వేలాడుతోంది. కావాలనే తెచ్చాడు.

మొదటి తూటా పెట్టి గురి చూసి నొక్కాను. టిక్ మంది, అంతే.

"గొట్టం ఎదురుగానే ఉంచండి. కదలకండి. కొంచెం ఆగి తీద్దాం" అన్నాడు అధికారి.

రెండోదీ టిక్కే. మూడోదీ అంతే. ఆరోది కూడా టిక్ మనేసరికి నా ముక్కు మీంచి చెమట పిడి మీద పడింది. అధికారి కాసేపు ఆగి, దాన్ని తీయించి, బొటనవేలితో రుద్ది వాసన చూశాడు.

"నూనె పెట్టారా దీనికి?"

"పెట్టకపోవడమేంటి సార్! నెలనెలా పెట్టాను."

"అయ్యో, అడుగున ఈ చిన్న మూత ఉంది చూశారూ, దీంట్లోంచి నూనె దిగితే లోపలి మందు చచ్చిపోతుందమ్మా. రైఫిలుకి నూనె కావాలి గానీ తూటా పొడిగా ఉండాలి."

రెండేళ్లపాటు నా చేత్తో నేనే చంపుకున్నాను. అన్నయ్య వైపు తిరిగాను.

"నీకు తెలుసా ఇది?"

"నాన్న చెప్పిన మాట అదే. విని వెళ్లమన్నాను. విన్నావా?"

"రెండేళ్లు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చున్నావా?"

"గుమ్మం తొక్కొద్దన్నావుగా."

అధికారి గడియారం చూసుకున్నాడు. "ఇంకేమీ లేకపోతే వెల్డింగ్‌కి రాసేస్తానమ్మా."

అప్పుడు వాడు జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. ఏడో తూటా. మెరుపు లేదు, అక్కడక్కడా చిలుము, కానీ పొడిగా ఉంది.

"కావాలంటే అడుగు" అన్నాడు.

"అదేమన్నా నీ అబ్బసొత్తా?"

"అవును. మా అబ్బసొత్తే."

అధికారి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. నా మొహం మాడిపోయింది.

"అన్నయ్యా, ఇవ్వు."

"ఏంటీ? వినపళ్లేదు."

వాణ్ణి చంపేయాలనిపించింది. రైఫిలు నా దగ్గర, తూటా వాడి దగ్గర ఉండబట్టి సరిపోయింది.

"అన్నయ్యా, బతిమాలుతున్నా. ఇవ్వు."

వాడు తూటాని నా అరచేతిలో పెట్టాడు. బోల్టు మూసి, ఊపిరి బిగబట్టి నొక్కాను. ఢామ్మని పేలింది. భుజం అదిరింది, చెవులు దిబ్బడ వేశాయి. పద్నాలుగేళ్లప్పటి వాసన ముక్కుకి తగిలింది. అధికారి మూడేళ్లకి ముద్ర కొట్టాడు.

"పేలింది! చూశావా?" అన్నాను. రెండేళ్లలో వాడితో నవ్వుతూ అన్న మొదటి మాట అది.

బోల్టు లాగగానే కిందపడ్డ ఖాళీ తూటా తొడుగుని వాడు ఏరి జేబులో వేసుకున్నాడు.

"చూశాను. ఏడూ అయిపోయాయి."

"మూడేళ్లు టైముంది కదా, ఇద్దరం వెతికితే ఎక్కడైనా..."

"ఇద్దరం ఎందుకు? నాన్న తూటాలు నాకెందుకిచ్చాడనుకున్నావ్? ఎప్పటికైనా నువ్వు నా దగ్గరికి రావాలని. ఆరు లాక్కెళ్లి చంపావు. ఒకటి నేనిచ్చాను. ఇక నీకివ్వడానికి నా దగ్గరేం లేదు. నా గుమ్మం నువ్వూ తొక్కొద్దు."

"పోతే పో!" అని అరిచాను. వాడు వెనక్కి తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు. కొలత టేపు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం బోల్టు ఊడదీసి, గొట్టంలో గుడ్డ దూర్చి లాగాను. నల్లగా మసి వచ్చింది. ఆ గుడ్డని ఉతక్కుండా, తూటాలు పెట్టుకునే డబ్బాలోనే దాచుకున్నాను.