గడ్డినీళ్ళు

మామగారి మీద ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన నిద్రపోరు. మిగతావన్నీ గుణాలే. కూరలో ఉప్పు సరిపోయిందని ఎన్నడూ ఒప్పుకోకపోవడం ఒక గుణం. తడి తువ్వాలు మంచం మీదే ఆరేయడం ఇంకో గుణం. నలభై ఏళ్ళు మందుల కొట్టు నడిపిన మనిషి కాబట్టి, ఇంట్లో ఎవరు తుమ్మినా కౌంటరు వెనక నిలబడ్డట్టే మాట్లాడతారు, వీధి చివరికి వినపడేలా. వాటితో సర్దుకుపోవచ్చు. కానీ నిద్ర పట్టని పెద్దాయన ఇంట్లో ఉంటే నిద్ర పట్టే కోడలికీ జాగారమే. ఒకసారి మంచినీళ్ళు, ఒకసారి కిటికీ రెక్క, ఒకసారి "ఆ కుళాయి కారుతోందేమో చూడమ్మా". భర్తకి ఇవేవీ వినపడవు. "నాకు పొద్దున్నే ఆఫీసు" అంటాడు. ఆమెకి పొద్దున్నే ఏ పనీ లేనట్టు, ఆ టిఫిను డబ్బా దానంతటదే నిండుతున్నట్టు.

డాక్టరమ్మ నిద్రమాత్ర రాసింది. రోజూ సాయంత్రం దాన్ని తండ్రి చేతిలో పెట్టే పని భర్త తీసుకున్నాడు. ఇంటిపనుల్లో అతను కోరి తీసుకున్నది అదొక్కటే కనుక, దాని గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. "నాన్న మందుల విషయం నేనే చూసుకుంటా. ఆడవాళ్ళ మీద వదిలెయ్యలేం కదా."

ఆ మొక్క అంతకు ముందు ఏడాదే పెరట్లో మురుక్కాలవ పక్కన తనంతట తాను మొలిచింది. ఆకు తుంచితే తెల్లగా పాలు, ఆకు వెనక ఈనె పొడవునా సన్నటి ముళ్ళ వరస. బోటనీ పట్టా దుప్పట్ల కింద పడి పదిహేనేళ్ళయినా కళ్ళు మర్చిపోలేదు. అడవి లెట్యూస్. చేల గట్ల మీద కలుపుగా పీకేసేది. పాలు నాలిక్కి తగిలితే చేదు, కాస్త మత్తు. చెవి విరిగిన బకెట్లోకి మార్చి, ఎండ తగిలేచోట పెట్టింది. రాలిన విత్తనాల్ని మట్టిలో పూడ్చకుండా పైపైన చల్లింది, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి కాబట్టి. లేత ఆకు కోసి, నీడన ఆరబెట్టి, మొదట తనే తాగింది. అర చెంచాతో ఒక వారం, చెంచాతో ఒక వారం. పాత డైరీలో రాసుకుంది. "ఏడుసార్లలో ఐదుసార్లు నిద్ర. ఇది ఆకు మహిమో, కాసేపు ఎవరూ పిలవకపోవడం వల్లో తేల్చాలి."

ఎప్పుడు వాసన పట్టారో గానీ మామగారు ఒకరోజు "ఏమిటమ్మా ఆ గడ్డినీళ్ళు, ఇలా తే" అన్నారు.

"మాత్ర వేసుకుంటే ఇవి తాగకూడదు మామయ్యా. ఏదో ఒకటే."

"నలభై ఏళ్ళు మందులమ్మినవాడికి నువ్వు చెబుతున్నావా?"

చెప్పింది. మాత్ర మానితేనే ఇస్తానంది. మూడో రోజు నుంచి ఉతకబోయే చొక్కాల జేబుల్లో మాత్రలు దొరకసాగాయి. కొడుకు చేతిలో పెట్టింది "వేసుకుంటాలే" అంటూ జేబులోకి, కోడలు పడక దగ్గర పెట్టింది గొంతులోకి. పెద్దాయన పొద్దుటిదాకా కదలడం లేదు. కొడుకుతో మాత్రం "నువ్విచ్చే మాత్రతోనే రా. ఆ గడ్డినీళ్ళు నీ పెళ్ళాం మాట కాదనలేక తాగుతున్నా" అనేవారు. ఆమె వంటింట్లోంచి విన్నది. పెద్దమనిషి పరువు జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు, పోనీలే అనుకుంది. దొరికిన మాత్రని దొరికినట్టే ఖాళీ సీసాలో వేసి, డైరీలో తేదీ రాసింది. ఇంట్లో ఎవరెవరి పరువు ఎక్కడెక్కడ నానుతోందో బట్టలుతికేవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది.

అక్క కంటి ఆపరేషనుకి రెండు రోజులు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు భర్తకి ఇంకో సీసా చూపించింది. "ఎండాకు ఇందులో ఉంది. ఒక్క చెంచా, గ్లాసు నీళ్ళు. బకెట్లో మొక్క జోలికి వెళ్ళకండి, పూతకొచ్చింది. అప్పుడు పాలు చిక్కగా ఉంటాయి, ఎంత బలమో చెప్పలేం. అన్నీ డైరీలో రాశాను."

అతను పేపర్లోంచి తల ఎత్తలేదు. "గడ్డి కాచడానికి పుస్తకం కూడా చదవాలా?"

మర్నాడు పొద్దున పదకొండు గంటలకి ఫోను. "నీ గడ్డి మా నాన్నని చంపేసేది. ఆస్పత్రిలో ఉన్నాం. ఇంటికెళ్ళగానే ఆ మొక్కని వేళ్ళతో సహా పీకి కాల్చేస్తా."

బస్సు దారిలో ఇంటి దగ్గర దిగి, రెండు వస్తువులు సంచీలో వేసుకుంది. పెరట్లోకి తొంగి చూసింది. పీకడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పూతతో సహా నిలువెత్తు కాండాన్ని మొదలంటా నరికి కాచేశాడు. పొయ్యి మీద గిన్నెలో అడుగున నల్లటి జిగురు.

వార్డులో పెద్దాయన నుదుటికి కట్టుతో, దిండుకి ఆనుకుని ఉన్నారు. పొద్దున పది గంటలకి లేచి, కాళ్ళు తేలిపోయి, స్నానాలగది గుమ్మం దగ్గర పడ్డారట. మూడు కుట్లు. మెలకువ బాగానే ఉంది, కళ్ళు మాత్రం కోడలి వైపు తిరగడం లేదు.

"ఏమిచ్చారు, ఎంతిచ్చారు?" డాక్టరమ్మ అడిగింది.

"మా ఆవిడ నాటువైద్యమండీ" అన్నాడు భర్త. "నేను మాత్ర మాత్రమే ఇచ్చా. మీరు రాసిందే. రోజూ ఇస్తున్నదే."

"కాచింది ఎవరు?"

"అంటే... నేనే. ఆవిడ ఊళ్ళో లేదు కదా."

ఆమె సంచీలోంచి డైరీ తీసి, తెరిచి మంచం మీద పెట్టింది. ఎర్రసిరాతో గీత గీసిన రెండు వాక్యాలు డాక్టరమ్మ పైకే చదివింది. పూతకొచ్చిన మొక్క కోయకూడదు. నిద్రమాత్రతో కలపకూడదు. తర్వాత కోడలు మాత్రల సీసా తీసి పక్కన పెట్టింది. ముప్ఫై ఎనిమిది మాత్రలు. కొన్ని సబ్బునీళ్ళకి అంచులు కరిగినవి.

"ఇవెక్కడివి?" అన్నాడు భర్త.

ఆమె సీసాని పెద్దాయన వైపు జరిపింది. ఇన్నాళ్ళూ ఉప్పు నుంచి నిద్రదాకా మామగారి తరఫున తనే సర్దిచెబుతూ వచ్చింది. ఈ ఒక్కటీ ఆయనకే వదిలేద్దామని బస్సులోనే అనుకుంది.

డాక్టరమ్మ ఆమెనీ వదల్లేదు. "ఈ ఆకు సంగతి నాకు ముందే చెప్పాలి కదమ్మా. అడవి మొక్క అంటే ఏ మొక్కలో ఎంతుంటుందో ఎవరికీ తెలీదు. పెద్ద వయసు."

"అవునండీ. చెప్పాల్సింది. ఇక చెబుతాను."

మామగారు దుప్పటి అంచు మడతపెట్టారు, విప్పారు.

"మాత్ర నెలన్నరగా వేసుకోవట్లేదు రా" అన్నారు, లోగొంతుకతో. "కోడలి గడ్డినీళ్ళతోనే పడుకుంటున్నా. నిన్న నువ్వు ఓ చేత్తో మాత్ర, ఓ చేత్తో గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డావు. కలపకూడదని నాకు తెలుసు. కోడలు చెప్పింది, నేనూ ఊళ్ళో అందరికీ చెప్పినవాణ్ణే. అబద్ధం బయటపడుతుందని మింగేశా."

"నాన్నా..." అంటూ భర్త మాత్రల సీసా ఎత్తి చూశాడు.

"మామయ్యా" అంది ఆమె, డైరీలో ఆనాటి పేజీ తీసి పెన్ను మూత విప్పుతూ. "కొట్లో మాట్లాడినట్టు చెప్పండి. ఇక్కడికి సరిగా వినపడలేదు."

ఆయన మొదటిసారి ఆమె వైపు తిరిగారు. పక్క మంచం వాళ్ళు కూడా తిరిగారు.

"తప్పు నాదే" అన్నారు, వార్డు చివరికి వినపడేలా.